ముందు పుట్టినామె

కొత్తవాడల మా ఇంట్ల
అమ్ముడువోని జంపఖానలు నాలుగుండె,
రంగు కారి అంచు చెడినవి.
బందువడ్డ జిన్నింగు మిల్లు షెడ్డుల
గచ్చు మీద పరిచినం వాటిని.
దులిపిన కొద్దీ పాత పత్తి లేస్తది ఇప్పటికీ.

బిడ్డను దించిపోను వచ్చినోన్ని నేను.
గోడకానుకొని గంట గంట నిలబడ్డోన్ని.
మూడో నెలల ఒకనాడు
"నిలబడేదేదో వచ్చి లైన్ల నిలబడు కాకా" అన్నది ఫిర్దౌస్.
పోచమ్మ మైదాన్ల పంచర్లేసే ఖలీల్ బిడ్డ.
ఆమెకు ఇరవై మూడు,
నాకు నలభై తొమ్మిది.

ఏమని పిలువాల్నో తెల్వలే.
అమ్మా అందామంటె నా బిడ్డ ఈడుకు దగ్గర.
బిడ్డా అందామంటె నా మోకాలు వంచుతున్నది ఆమెనాయె.
మేడం అంటె బ్యాంకు కిటికీ యాదికొచ్చింది.
నా పక్కన ఏడేండ్ల పోరగాడు
నడుము వంచి "సెన్సే" అన్నడు,
ముంగటి పండ్లు ఊడిన సందుల నుంచి
సగం మాట గాలై పోయింది.

మరునాడు ఆమెనే అడిగిన.
హాజరు పుస్తకం ఎనక అట్ట మీద
రెండు బొమ్మల్లాంటి అక్షరాలు గీసింది.
"ఇది ముందు. ఇది పుట్టుడు.
ముందు పుట్టినోళ్లు, గంతే.
నేర్పుడన్న మాట ఇండ్ల యాడ లేదు కాకా."

నవ్వొచ్చింది నాకు.
"నువ్వు పుట్టిన్నాటికే
నా కింద ఇద్దరు మగ్గం నేర్సుకుంటున్నరు తల్లీ."

ఆమె నవ్వలే.
నా కుడికాలు దిక్కు చూసింది.
"ఈ కాలు పుట్టి ఎన్ని దినాలైంది?"

లెక్కవెట్టిన.
పదకొండు.

ఆ రాత్రి నిద్ర వట్టలే.
నాయిన పనిచేసిన మిల్లు మూతవడ్డ యేడు
నన్ను మగ్గం గుంటల దింపింది సారంగపాణి,
మా చిన్నాయిన కొడుకు, నాకన్న ఏడాదిన్నర చిన్నోడు.
తెగిన పోగును ముడెయ్యకుండ
ఉమ్మితోని పురి పెట్టి కలుపుడు
నా ఏళ్లు వట్టుకొని చూపించిండు.
అప్పుడు సుత ఒరేయ్ అనే అన్న.
సూరత్ పోయి పదిహేనేండ్లాయె వాడు.
ఫోన్ ఎత్తంగనే నోటి దాకా వచ్చిన ఒరేయ్
ఈ మధ్య ఆగుతున్నది.
"ఏందిరా, సిగ్నల్ లేదా?" అంటడు.

చౌరస్తల ఇంకో క్లాసాయన ఫ్లెక్సీ ఉన్నది.
గ్రాండ్ మాస్టర్, షిహాన్, డాక్టర్.
బిరుదులకే జాగ సరిపోక
మొకం మూలకు జరిగింది.
మా పోరగాండ్లు చూసి ఊకుంటరా,
చందాలేసుకొని వీళ్లూ ఒకటి కొట్టిచ్చిండ్రు,
"సెన్సే ఫిర్దౌస్" అని, ఎర్రగ.
ఆమె నాయిన దుకాణంల ట్యూబుకు రాసే సొల్యూషన్ తెచ్చి
తన పేరు ముంగటి మాట మీద
నల్ల రబ్బరు ముక్క అంటించింది,
పంచరేసినట్టే.
"అది మీ నోట్లె ఉండే మాట.
నా మీద నేను రాసుకునేది కాదు."
పోరగాండ్ల మొకాలు మాడినయ్.
ఆ ముక్క వానకు సుత ఊడలే.

మొన్న ఆమె డిగ్రీ పరీక్షకు పోయింది.
తాళంచెవి నా చేతుల వెట్టి పోయింది.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి కాంట వట్టి
రిటైరైన ముసలాయన ఒకడొచ్చిండు, కొంరెల్లి.
మోకాళ్ల నొప్పికి డాక్టరు కదలమన్నడంట.
గడప ఇవుతల చెప్పులిడిచి
అంచు చెడిన నా జంపఖాన మీద నిలబడి
చేతులు ఏం జేయాల్నో తెల్వక
ఎనక్కి కట్టుకున్నడు.
"నిన్నేమని పిలువాలె పటేలా?" అన్నడు,
నాకన్న పదిహేనేండ్లు పెద్దాయన.

నా కాలుకు ఏడో నెల నడుస్తున్నది.
గొంతుల ఏదో అడ్డం వడ్డది.

"ముందుగాల పిడికిలి వట్టు" అన్న.
"బొటనేలు లోపట వెట్టకు,
ఇరుగుతది."